ట్యాంకు నిండా నీళ్ళున్నాయి సరే, మంట ఆర్పడానికి సరిపోతాయా?

రెండేళ్ళ కిందట, ఏప్రిల్ చివర్లో, మా అపార్ట్‌మెంట్‌లో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ బుక్ చేస్తే మూడు రోజులకి గానీ రావట్లేదు. ఆ మూడు రోజులూ కుళాయిల్లో నీళ్ళు ఆగకుండా వచ్చాయి, అందరం సంతోషించాం. అవి ఫైర్ సంప్‌లోంచి (మంటలార్పడానికని భూమిలో విడిగా కట్టిన నీటి తొట్టి) మోటార్ పెట్టి పైకి ఎక్కించిన నీళ్ళని తర్వాతి నెల మీటింగ్‌లో తెలిసింది. ఆ మూడు రోజుల్లో ఎక్కడైనా నిప్పంటుకుని ఉంటే ఏమయ్యేదని నేనడిగితే, "ఫైరింజన్ వస్తుంది కదండీ" అన్నారు ఒక పెద్దాయన. ఆ మాట తప్పని నాకనిపించింది గానీ, ఎందుకు తప్పో అంకెలతో చెప్పలేకపోయాను. అప్పటినుంచి ఈ విషయం వదలకుండా చదువుతున్నాను, పంపు హౌస్‌లు నడిపేవాళ్ళనీ, ఫైర్ ఆడిట్‌లు చేసేవాళ్ళనీ విసిగించి మరీ తెలుసుకుంటున్నాను.

ముందు ఫైరింజన్ సంగతి చూద్దాం. మన ఊళ్ళలో మామూలుగా కనిపించే వాటర్ టెండర్‌లో పట్టేది దాదాపు 4,500 లీటర్లు. ఎత్తైన భవనాల్లో పెట్టే ఫైర్ పంపు నిమిషానికి 2,280 లీటర్లు తోస్తుంది. ఆ లెక్కన ఫైరింజన్ మొత్తం రెండు నిమిషాల నీళ్ళు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వీధి చివర ఎర్రగానో పసుప్పచ్చగానో నిలబడి ఉండే హైడ్రెంట్లు చూసే ఉంటారు, అక్కడ ఫైరింజన్ వచ్చి దానికి పైపు తగిలిస్తే ఊరి నీటి లైన్ నుంచే ధార వస్తుంది. మన దగ్గర మున్సిపల్ నీళ్ళు చాలా చోట్ల రోజు విడిచి రోజు, అదీ ఓ గంటో రెండు గంటలో. ఆ లైన్‌ని నమ్ముకుని మంట ఆర్పలేం. అందుకే మన నిబంధనలన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి: నీ భవనానికి కావాల్సిన నీళ్ళు నీ ఆవరణలోనే ఉండాలి. ఫైరింజన్ వచ్చాక కూడా అది మన సంప్‌లోంచే నీళ్ళు తోడుకుని మన పైపుల్లోకే ఎక్కించే పరిస్థితి ఎక్కువ.

"సరిపోతాయి" అంటే ఏమేం సరిపోవాలి

సంప్ మీద "ఫైర్ వాటర్, 1,50,000 లీటర్లు" అని పెయింట్‌తో రాసి ఉంటే సరిపోయినట్టే అనుకుంటాం. ఆ అంకె చెప్పేది ఎన్ని నీళ్ళున్నాయన్న ఒక్క సంగతే. అవి నిమిషానికి ఎన్ని లీటర్ల చొప్పున బయటికి రాగలవు (దీన్ని ఫ్లో అంటారు), ఎంత ఒత్తిడితో వస్తాయి (ప్రెషర్), ఎంతసేపు అలా వస్తూనే ఉంటాయి, ఇవన్నీ విడివిడి ప్రశ్నలు. కరెంటు పోయినా, ఒక పంపు చెడిపోయినా, ఒక పైపు పగిలినా ఈ మూడూ నిలబడతాయా అనేది వీటన్నిటికంటే కష్టమైన ప్రశ్న.

ఫ్లోకీ ప్రెషర్‌కీ తేడా చాలామందికి తికమకగా ఉంటుంది. గార్డెన్ పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే ధార దూరం పోతుంది కానీ బకెట్ నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, వేలు తీస్తే బకెట్ త్వరగా నిండుతుంది గానీ ధార కాళ్ళ దగ్గరే పడుతుంది. మంట ఆర్పేవాడికి రెండూ కావాలి: వేడిని లాగేసేన్ని నీళ్ళు, వాటిని మంట దాకా చేర్చే బలం.

ప్రెషర్‌ని పంపు హౌస్‌లలో "కేజీలు" అంటారు, అంటే చదరపు సెంటీమీటరుకి ఇన్ని కిలోలని. పది మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం అడుగున దాదాపు ఒక కేజీ ప్రెషర్ ఉంటుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం విషయం అర్థమవుతుంది. 70 మీటర్ల హెడ్ (నీళ్ళని ఎంత ఎత్తుకి నెట్టగలదన్న లెక్క) ఉన్న పంపు అంటే దాదాపు ఏడు కేజీలు. ఆ నీళ్ళని 30 మీటర్ల పైకి ఎక్కించేసరికే మూడు కేజీలు ఖర్చయిపోతాయి. పైపుల రాపిడిలో పోయేది దీనికి అదనం.

ఎన్ని నీళ్ళు కావాలో ఎవరు చెబుతారు

మన దేశంలో మొదట చూసేది నేషనల్ బిల్డింగ్ కోడ్, 2016 నాటి కూర్పు, అందులో నాలుగో భాగం. భవనం ఎలాంటిది, ఎత్తెంత అని చూసుకుని పట్టికలో వేలు పెడితే కింద సంప్ ఎంత, పైన ట్యాంక్ ఎంత, పంపు ఎంత అని అంకెలుంటాయి. 75 వేలు, లక్ష, లక్షన్నర ఇలా. అగ్నిమాపకం రాష్ట్రాల, స్థానిక సంస్థల పరిధిలోది కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ కోడ్‌తో పాటు రాష్ట్ర ఫైర్ సర్వీస్ చట్టాలు, భవన నిబంధనలు కూడా చూసి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తారు. స్ప్రింక్లర్లకి (వేడి తగలగానే వాటంతటవే తెరుచుకుని పైకప్పు నుంచి నీళ్ళు కురిపించేవి) భారతీయ ప్రమాణం ఐఎస్ 15105, భవనం లోపలి హైడ్రెంట్లకి ఐఎస్ 3844, ఆవరణలోని హైడ్రెంట్లకి ఐఎస్ 13039, పెట్రోల్ డిపోలకి చమురు పరిశ్రమ భద్రతా సంస్థ ఓఐఎస్‌డీ పెట్టిన 117, ఇలా ఒక్కో రకానికి ఒక్కో ప్రమాణం.

ఇక్కడ వాదన ఒకటుంది. పట్టిక పద్ధతిని సమర్థించేవాళ్ళు చెప్పేది: తనిఖీకి వచ్చిన అధికారి అరగంటలో చూసి తేల్చగలగాలి, ప్రతి చిన్న బిల్డర్‌నీ హైడ్రాలిక్ లెక్కలు తెమ్మంటే అవి ఎవరో ఒకరి దగ్గర కాపీ కొట్టి తెస్తారు, పట్టిక ఉంటే కనీసం ఒక స్థాయి అందరికీ దక్కుతుంది. లెక్క పద్ధతిని కోరేవాళ్ళ మాట వేరు. పట్టికకి లోపల ఏం దాచారో తెలియదు, పైపు ఎన్ని మీటర్లు పోయిందో తెలియదు, ఒకే ఎత్తున్న రెండు షెడ్లలో ఒకదాంట్లో ఇనప సామాను, ఇంకోదాంట్లో ఫోమ్ పరుపులు ఉన్నా పట్టిక దాదాపు ఒకలాగే చూస్తుంది. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. పట్టిక కనీస హద్దు చెబుతుంది, మన భవనానికి అది చాలో లేదో చెప్పాలంటే లెక్క వెయ్యాల్సిందే. వేసి చూద్దాం.

ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ లెక్క

మేడ్చల్ వైపు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఇది నిజంగా ఉన్నది కాదు, లెక్క కోసం నేను కట్టుకున్నది. ప్రమాద తరగతి మధ్యస్థం, "ఆర్డినరీ హజార్డ్" అంటారు. ఈ తరగతికి స్ప్రింక్లర్లు చదరపు మీటరుకి నిమిషానికి 5 లీటర్లు, 360 చదరపు మీటర్ల మేర కురిపించగలగాలని మన ప్రమాణం. షెడ్డు మొత్తం మీద ఒకేసారి కురవక్కర్లేదు, మంట ఆ మేరకే పాకుతుందన్న అంచనా మీద పెట్టిన అంకె అది. 5 ఇంటూ 360, నిమిషానికి 1,800 లీటర్లు. పంపుకి దగ్గరగా ఉన్న స్ప్రింక్లర్లు కాస్త ఎక్కువ పోస్తాయి, చివరివాటికి సరిపడా అందాలంటే ఆ అదనం కూడా లెక్కలో ఉండాలి. 2,100 అనుకుందాం.

స్ప్రింక్లర్లు పనిచేస్తుంటే మనుషులు ఊరుకోరు, బయటినుంచి హోస్‌లు తెరుస్తారు. ఒక్కో హైడ్రెంట్ ధారకి నిమిషానికి 600 లీటర్లు, రెండు ధారలకి 1,200. మొత్తం 3,300. గంటసేపు నిలబడాలంటే 1,98,000 లీటర్లు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో ఉన్నదేంటో చూద్దాం. సంప్ మీద రాసింది 1,50,000. పంపు మీద బిళ్ళ: నిమిషానికి 2,280 లీటర్లు, 70 మీటర్ల హెడ్. అక్కణ్ణుంచి చివరి హైడ్రెంట్ దాకా 150 మిల్లీమీటర్ల పైపు, 250 మీటర్లు, ఒకే దారి.

సంప్‌లో రాసినన్ని నీళ్ళూ పంపుకి అందవు. సక్షన్ పైపు, అంటే పంపు నీళ్ళు పీల్చుకునే పైపు, మూతి కంటే కిందున్నవి రావు. ఆ మూతికి కాస్త పైదాకా నీళ్ళు దిగితే సుడి ఏర్పడి గాలి లోపలికి పోతుంది, గాలి మింగిన పంపు నీళ్ళు తోయడం మానేస్తుంది. అడుగున ఒండ్రు ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే నిజంగా వాడుకోగలిగింది 1,30,000 అనుకుందాం. దాన్ని 3,300తో భాగిస్తే 39 నిమిషాలు. గంట కావాల్సిన చోట 39.

పంపు 2,280దే కదా, 3,300 ఎలా ఇస్తుందని అడగొచ్చు. ఇస్తుంది. ఫైర్ పంపుల ప్రత్యేకత అదే, బిళ్ళ మీద రాసినదానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3,420 లీటర్ల దాకా తోయగలగాలి, అప్పుడు హెడ్ రాసినదాంట్లో 65 శాతానికి తగ్గకూడదు. కానీ ఆ 65 శాతం అంటే 45.5 మీటర్లే. నీళ్ళు ఎక్కువ అడిగేకొద్దీ బలం తగ్గుతుంది. మనకి కావాల్సిన 3,300 దగ్గర ఓ 48 మీటర్లుంటుంది.

ఆ 48లోంచి పైపు రాపిడి తీసెయ్యాలి. కొత్త పైపైతే 250 మీటర్లకి దాదాపు 18 మీటర్లు పోతుంది. పదేళ్ళు పాతబడి లోపల తుప్పు పేరుకున్న పైపైతే 25 దాకా. హైడ్రెంట్ ఎత్తుకి ఇంకో రెండు. మిగిలింది 21 మీటర్లు, అంటే 2.1 కేజీలు. చివరి హైడ్రెంట్ దగ్గర కనీసం 3.5 కేజీలు ఉండాలన్నది మన దగ్గర మామూలుగా అడిగే హద్దు. పైకప్పుకి బిగించిన స్ప్రింక్లర్లు ఇంకా ఎత్తులో ఉంటాయి కాబట్టి వాటికి అందేది ఇంకా తక్కువ.

మరి తనిఖీలో అంతా బాగానే కనిపించిందే?

నన్ను బాగా భయపెట్టింది ఇదే. అదే ఫ్యాక్టరీలో తనిఖీ రోజున రెండు హోస్‌లు మాత్రమే తెరిచారనుకోండి. ఫ్లో 1,200. అంత తక్కువ ఫ్లో దగ్గర పంపు హెడ్ బిళ్ళ మీద ఉన్నదానికంటే ఎక్కువే ఉంటుంది, 76 మీటర్లు అనుకుందాం. పాత పైపులోనే అయినా రాపిడికి పోయేది నాలుగు మీటర్లు. హైడ్రెంట్ ఎత్తు రెండు. మిగిలింది 70. గేజ్ మీద ఏడు కేజీలు, ధార షెడ్డు పైకప్పు దాటి పడుతుంది, అందరూ ఫొటోలు తీసుకుంటారు, రిజిస్టర్‌లో "సంతృప్తికరం" అని రాస్తారు. అసలు మంట వచ్చిన రోజు స్ప్రింక్లర్లూ హోస్‌లూ కలిసి 3,300 అడిగేసరికి అదే గేజ్ రెండు కేజీలకి పడిపోతుంది.

దీనికి కారణం పైపులో రాపిడి ఫ్లోతో సమానంగా పెరగకపోవడం. ఫ్లో రెట్టింపైతే రాపిడి దాదాపు 3.6 రెట్లవుతుంది. పైపు సైజు ఇంకా దారుణం, 150 మిల్లీమీటర్ల పైపు బదులు మధ్యలో ఎక్కడైనా డబ్బు మిగుల్తుందని 100 వేస్తే, అంతే ఫ్లోకి ఆ ముక్కలో నష్టం ఏడు రెట్లు దాటుతుంది. అలాంటి ముక్క భూమిలో ఉంటుంది, ఎవరికీ కనపడదు, ఎక్కువ నీళ్ళు పారించి చూస్తే తప్ప బయటపడదు.

ఇంకా ఘోరం, అసలు ఏమీ తెరవకుండా గేజ్ చూసి రాసుకోవడం. నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు పైపులో రాపిడే ఉండదు. జాకీ పంపు అని చిన్నదొకటి ఉంటుంది, నిమిషానికి 180 లీటర్లది, పని లైన్‌లో ప్రెషర్ పడిపోకుండా నిలబెట్టడం. అది తిరుగుతుంటే ఏ గేజ్ చూసినా ఏడు కేజీలే. మధ్యలో ఒక వాల్వ్ ముప్పావు వంతు మూసి ఉన్నా సరే ఏడే. నిలిచిన నీటి ప్రెషర్‌ని స్టాటిక్ అనీ, పారుతున్నప్పుడు మిగిలినదాన్ని రెసిడ్యువల్ అనీ అంటారు. ఏ రిపోర్ట్ చూసినా ఈ రెండో అంకె ఉందా, ఉంటే అది ఎంత ఫ్లో దగ్గర తీసింది అని వెతకండి, చాలా రిపోర్టుల్లో మొదటిదే ఉంటుంది.

ఫ్లో కొలవడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. హైడ్రెంట్ మూతి ఎదురుగా ధారలో పిటాట్ గేజ్ అనే చిన్న గొట్టం పెడితే ధార వేగం నుంచి ప్రెషర్ చదవొచ్చు, దాన్నుంచి ఫ్లో లెక్కేస్తారు. రెండున్నర అంగుళాల మూతి దగ్గర ఒక కేజీ చూపిస్తే దాదాపు నిమిషానికి 2,400 లీటర్లు పోతున్నట్టు. కొత్త పంపు హౌస్‌లలో అయితే టెస్ట్ లైన్, ఫ్లో మీటర్ ముందే బిగించి ఉంటాయి, నీళ్ళు తిరిగి సంప్‌లోకే వస్తాయి కాబట్టి చుక్క వృథా కాదు. అయితే టెస్ట్ లైన్‌లో కొలిచేది పంపు సత్తా మాత్రమే. భూమిలో పైపు సంగతి తెలియాలంటే చివరి హైడ్రెంట్ దగ్గరకి నడవాల్సిందే.

మన ఫ్యాక్టరీకి ఇప్పుడేం చెయ్యాలి? పెద్ద పంపు కొనాలని వెంటనే అనిపిస్తుంది. కానీ చూడండి, పైపుని ఒకే దారిలో కాకుండా షెడ్డు చుట్టూ రింగులా కలిపితే చివరి హైడ్రెంట్‌కి నీళ్ళు రెండు వైపుల నుంచీ వస్తాయి. రెండు దారులూ 250 మీటర్లే అనుకుంటే ఒక్కోదాంట్లో సగం ఫ్లో, రాపిడి 25 నుంచి ఏడు మీటర్లకి పడిపోతుంది. 48లో ఏడూ, ఇంకో రెండూ పోతే 39, అంటే 3.9 కేజీలు. ఉన్న పంపుతోనే హద్దు దాటేశాం. పైగా ఒక వైపు పైపు పగిలినా వాల్వ్ కట్టేసి రెండో వైపు నుంచి కొంతైనా తీసుకోవచ్చు. నీళ్ళు 39 నిమిషాలకే అయిపోవడం మాత్రం అలాగే ఉంటుంది, దానికి ఇంకో సంప్ కట్టాల్సిందే. బోరు నిమిషానికి వంద లీటర్లు పోసినా 39 నిమిషాల్లో నాలుగు వేలు కూడా రావు.

ఇంకో చిక్కు. రెండేళ్ళకి ఆ బిస్కెట్ల షెడ్డులో సగం అద్దెకిచ్చారు, అద్దెకొచ్చినవాళ్ళు ఆరు మీటర్ల ఎత్తు ర్యాకుల్లో ప్లాస్టిక్ సామాను పేర్చారు. భవనం అదే, సంప్ అదే, ఎన్‌వోసీ కాగితం అదే. కానీ ప్రమాద తరగతి మారిపోయింది, చదరపు మీటరుకి 5 లీటర్లు ఇక దేనికీ చాలదు, కావాల్సింది దానికి ఎన్నో రెట్లు. నీటి సరఫరా తగ్గకుండానే చాలకుండా పోతుందంటే ఇదే.

పంపు తిరుగుతుందా అనేది వేరే ప్రశ్న

నీళ్ళూ పైపులూ సరిగ్గా ఉన్నా పంపు మొదలవకపోతే ఏమీ లేనట్టే. మంట రాగానే మనవాళ్ళు మొదట చేసేది మెయిన్ ఆపేయడం. ఫైర్ పంపు కరెంటు ఆ మెయిన్ తర్వాత తీసుకుని ఉంటే పంపు కూడా ఆగిపోతుంది. అందుకే మెయిన్ బ్రేకర్‌కి ముందు నుంచే దానికి విడిగా లైన్ తియ్యాలంటారు. కరెంట్ పంపుకి తోడు డీజిల్ పంపు ఉండాలి, దాని బ్యాటరీ బతికుండాలి, ట్యాంకులో డీజిల్ ఉండాలి.

సంప్ భూమిలోపల ఉండి పంపు పైన ఉంటే ఇంకో ఇబ్బంది. పంపు నీళ్ళని పైకి పీల్చుకోవాలి, సక్షన్ పైపు అడుగున ఫుట్ వాల్వ్ నీళ్ళని జారిపోకుండా పట్టి ఉంచాలి. ఆ వాల్వ్‌లో చిన్న చెత్త ఇరుక్కుని లీకైతే పైపు ఖాళీ అయిపోతుంది, మోటార్ మోగుతుంది గానీ నీళ్ళు రావు. పంపుని సంప్ నీటి మట్టం కంటే కింద పెడితే నీళ్ళే వచ్చి పంపుని నింపుతాయి. బిల్డింగ్ కోడ్ మొగ్గు కూడా ఈ రెండో ఏర్పాటు వైపే. స్థలం తినేస్తుందని, సెల్లార్‌లో నీళ్ళు చేరతాయని కొందరు ఒప్పుకోరు, వాళ్ళ భయం నిజమే. వరదొస్తే మునిగిపోయే పంపు హౌస్ కూడా ఒక ప్రమాదమే.

పై అంతస్తుల్లో ప్రెషర్: ఫిలడెల్ఫియా 1991

ఎత్తైన భవనాల్లో ప్రెషర్ తక్కువవడమే సమస్య అనుకుంటాం, ఎక్కువవడమూ సమస్యే. పైదాకా ఎక్కించడానికి పంపు పెట్టిన ప్రెషర్ కింది అంతస్తుల్లో మనిషి హోస్ పట్టుకోలేనంత ఉంటుంది. అందుకని మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వ్‌లు పెడతారు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తులో మంట మొదలైంది. కరెంటు మొత్తం పోయింది. ప్రెషర్ తగ్గించే వాల్వ్‌లని సరిగ్గా సెట్ చెయ్యలేదు, హోస్‌ల చివర పనికొచ్చే ధార రాలేదు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. ఎనిమిది అంతస్తులు కాలాక 30వ అంతస్తులో మంట ఆగింది. అక్కడ అద్దెకున్నవాళ్ళు స్ప్రింక్లర్లు పెట్టించుకున్నారు, వాటిలో పది తెరుచుకున్నాయి, ఫైరింజన్లు బయటినుంచి వాటికి నీళ్ళందించాయి.

ఆ భవనంలో నీళ్ళు తక్కువై కాదు అదంతా జరిగింది. స్ప్రింక్లర్ మంట చిన్నగా ఉన్నప్పుడే నెత్తిన పోస్తుంది కాబట్టి తక్కువ నీళ్ళతో పనైపోతుంది. హోస్ పట్టుకుని మనిషి చేరేసరికి మంట పెరిగి ఉంటుంది, అదే పని చెయ్యడానికి ఎన్నో రెట్ల నీళ్ళు కావాలి. "ఎన్ని నీళ్ళు చాలు" అన్న ప్రశ్నకి జవాబు "ఎంత తొందరగా పోస్తావు" అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

పెట్రోల్ ట్యాంకుల దగ్గర

ఇక్కడ లెక్క స్వభావమే మారిపోతుంది. నీళ్ళలో ఎక్కువ భాగం మంట మీదకి కాకుండా పక్కనున్నవాటిని చల్లగా ఉంచడానికి పోతుంది. ఓఐఎస్‌డీ ప్రమాణం ప్రకారం కాలుతున్న ట్యాంకు గోడకీ, దానికి దగ్గరలో ఉన్న ట్యాంకుల గోడలకీ చదరపు మీటరుకి నిమిషానికి 3 లీటర్లు, దూరంగా ఉన్నవాటికి 1 లీటరు. 20 మీటర్ల వ్యాసం, 15 మీటర్ల ఎత్తున్న ట్యాంకు గోడ 942 చదరపు మీటర్లు. మూడు లీటర్ల చొప్పున 2,827. ఒకటి కాలుతూ దగ్గరలో రెండు ఉంటే మూడింటికీ కలిపి దాదాపు 8,480. నాలుగు గంటలు నిలబడాలి, అంటే 20 లక్షల లీటర్లు దాటింది, ఫోమ్‌కీ (మంట మీద కప్పే నురగ) హోస్‌లకీ కావాల్సింది ఇంకా కలపలేదు. ఎల్‌పీజీ గోళాలకైతే చదరపు మీటరుకి 10.2 లీటర్లు, ఎందుకంటే వేడెక్కిన గోళం పేలితే చుట్టుపక్కల ఏమీ మిగలదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకున్నప్పుడు 60 మంది దాకా పోయారు, ఆ ఉదయం సంగతి విశాఖలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

2009 అక్టోబరు 29న జైపూర్ ఇండియన్ ఆయిల్ డిపోలో పేలుడు తర్వాత మంటలు పది రోజులు దాటి మండాయి. తర్వాత వేసిన ఎం.బి. లాల్ కమిటీ చేసిన సూచనల్లో ఒకటి, కంట్రోల్ రూమ్‌నీ ఫైర్ పంపు హౌస్‌నీ నీటి ట్యాంకులనీ లీకయ్యే అవకాశమున్న చోట్ల నుంచి దూరంగా పెట్టాలని. ఎన్ని లక్షల లీటర్లున్నా పంపు హౌస్ దాకా మనిషి పోలేకపోతే అవి ఉన్నా లేనట్టే.

లాస్ ఏంజెలెస్‌లో హైడ్రెంట్లు ఎండిపోయినప్పుడు

2025 జనవరి 7న పాలిసేడ్స్‌లో కార్చిచ్చు రేగినప్పుడు కొండ మీది ఇళ్ళ దగ్గర హైడ్రెంట్లలో నీళ్ళు ఆగిపోయాయి. ఆ ప్రాంతానికి మూడు ట్యాంకులు, ఒక్కోటీ పది లక్షల గ్యాలన్లు, మొత్తం ఓ కోటీ 13 లక్షల లీటర్లు. మర్నాడు తెల్లవారుజాము మూడింటికల్లా మూడూ ఖాళీ. పదిహేను గంటల పాటు మామూలు కంటే నాలుగు రెట్లు వాడకం. అదే ప్రాంతంలో శాంటా ఇనెజ్ రిజర్వాయర్, దాదాపు 44 కోట్ల లీటర్లది, పైకప్పు మరమ్మతు కోసం అప్పటికే ఖాళీ చేసి ఉంది.

ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కోపం న్యాయమైనదే: కార్చిచ్చులొచ్చే ప్రాంతంలో అంత పెద్ద రిజర్వాయర్‌ని నెలల తరబడి ఖాళీగా ఎలా ఉంచుతారు? నీటి ఇంజనీర్ల జవాబు వేరు: ట్యాంకులు ఖాళీ అవుతున్న వేగంతో కింది నుంచి పైకి నీళ్ళు ఎక్కించగల పైపులు లేవు, ఊళ్ళో ఒకటో రెండో ఇళ్ళు కాలితే ఆర్పడానికి కట్టిన వ్యవస్థ అది, వందల ఇళ్ళు ఒకేసారి అంటుకుంటే ఏ ఊరి పైపులూ తట్టుకోలేవు. మన బిస్కెట్ల ఫ్యాక్టరీలో చూసిన గొడవే ఇది: నిల్వ ఎంత అని ఒకరడుగుతుంటే, ఎంత వేగంగా వస్తుందని ఇంకొకరు అడుగుతున్నారు. నా మటుకు నాకు ఇద్దరి మాటల్లోనూ నిజముంది. రిజర్వాయర్ నిండి ఉంటే మొత్తం ఊరు దక్కేదని చెప్పలేం, కానీ కొన్ని హైడ్రెంట్లలో ఇంకాసేపు నీళ్ళు వచ్చేవేమో అన్న ఆశని తీసిపారెయ్యలేం.

ఎంత పెద్ద మంటకి సిద్ధపడాలి

చివరికి ప్రతి లెక్కా ఈ ప్రశ్న దగ్గరకే వస్తుంది. ఒకే చోట మంట వస్తుందని అనుకోవాలా, రెండు చోట్లా? మామూలు భవనాలకి ఒకటే అనుకుంటారు, పెద్ద రిఫైనరీలకి ఒకేసారి రెండు లెక్కేస్తారు. స్ప్రింక్లర్లకీ హోస్‌లకీ కావాల్సినవి కలపాలా, రెండిట్లో పెద్దది తీసుకుంటే చాలా? కలపడమే క్షేమమని బీమా కంపెనీల ఇంజనీర్లు అంటారు, అంత సంప్ కట్టే స్థలం ఊళ్ళో ఎక్కడుందని బిల్డర్లు అడుగుతారు. స్ప్రింక్లర్లు ఉన్నచోట హోస్ నీళ్ళు కొంత తగ్గించుకోవచ్చనే వాదన కూడా ఉంది, ఫిలడెల్ఫియాలో 30వ అంతస్తు దాన్నే బలపరుస్తుంది, అయితే ఆ స్ప్రింక్లర్ల వాల్వ్ ఎవరో కట్టేసి ఉండరన్న నమ్మకం మీద ఆ వాదన నిలబడుతుంది.

పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయనేది కూడా ఈ లెక్కలోదే. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర సాండోజ్ రసాయనాల గోడౌన్ కాలినప్పుడు, మంట మీద పోసిన నీళ్ళు పురుగుమందులు కడుక్కుని రైన్ నదిలో కలిశాయి, నది ఎర్రబడింది, చేపలు గుట్టలుగా చచ్చాయి. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడల్లో రసాయనాల ఫ్యాక్టరీ ఉన్న ఎవరైనా సంప్ ఎంత అన్నదాంతో పాటు ఆ నీళ్ళు పట్టి ఉంచే గుంట ఎంత అని కూడా లెక్కేసుకోవాలి.

మా అపార్ట్‌మెంట్ సంగతికొస్తే, ఆ పెద్దాయనకి ఫైరింజన్ రెండు నిమిషాల లెక్క కాగితం మీద వేసి చూపించాను. బిల్డింగ్ కోడ్‌లో చెప్పిన ఒక ఏర్పాటు కూడా గీసి చూపించాను: బయటి నీళ్ళు ముందు ఫైర్ సంప్‌లోకి రావాలి, అది నిండాక పైనుంచి పొర్లి ఇళ్ళ సంప్‌లోకి పోవాలి, అప్పుడు ఫైర్ నీళ్ళు నిలవుండి పాడవ్వవు, ఇళ్ళ మోటార్‌కి అవి అందనూ అందవు. ప్లంబర్ వచ్చి పైపు మార్చడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మొన్న జనవరిలో టెర్రస్ మీది చివరి వాల్వ్ తెరిచి, కింద ఇంకో రెండు కూడా తెరిచి పెట్టి, పైన గేజ్ చదివాం. 2.8 వచ్చింది. 3.5 రావాలి. ఏడో అంతస్తు దగ్గర ఒక వాల్వ్ సగమే తెరిచి ఉందేమోనని పంపు మెకానిక్ అనుమానం, వచ్చే ఆదివారం దాన్ని విప్పుతున్నారు.